బీటా నంబర్ సంగతి తర్వాత, ముందు ఆ ఎడమ పక్క నొప్పి చూపించుకోండి

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర ఊరు. చివరిసారి పీరియడ్ మొదలై 5 వారాల 4 రోజులైంది. ఇంట్లో చేసుకున్న టెస్టులో రెండు గీతలు వచ్చాయి. బీటా హెచ్‌సీజీ మొదట 1,240, మూడు రోజుల తర్వాత 1,690 వచ్చింది. ప్రొజెస్టెరాన్ 9, టీఎస్‌హెచ్ 3.8. మా తోటికోడలికి ఇవే రోజుల్లో బీటా 8 వేలు ఉండేదట. మొదటి రిపోర్టు చూసి, గర్భం నిలబడాలని మా ఊరి ఆర్‌ఎంపీ ఒక సూది వేశారు. హార్మోన్ పెరగాలంటే ఏం తినాలి? మా అత్తమ్మ వాడే థైరాయిడ్ గోలీలు నేను వేసుకోవచ్చా? స్కానింగ్ రెండు వారాలు ఆగి చేయించుకోమన్నారు. నాలుగు రోజులుగా ఎడమ పక్క పొత్తికడుపులో సన్నగా నొప్పి ఉంది, మట్టిరంగు మరక కనబడుతోంది. పోయినేడు గర్భసంచి ఇన్ఫెక్షన్‌కు మందులు వాడాను.

జవాబు: అమ్మా, అన్నిటికన్నా ముందు రాయాల్సిన సంగతి ఆఖర్న రాశారు. ఒక పక్కనే నొప్పి, మరక, లోగడ వచ్చిన ఇన్ఫెక్షన్, వీటికి తోడు బీటా, అంటే గర్భం వచ్చాక రక్తంలో పెరిగే హార్మోన్, మెల్లగా పెరగడం. ఇవన్నీ ఒకచోట కనబడితే మా అనుమానం ముందు ట్యూబు (అండం సంచిలోకి వచ్చే గొట్టం) మీదికే పోతుంది, గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిచిందేమోనని. మీకు అదే అయిందని నేను అనడం లేదు. పరీక్ష చేయకుండా ఎవరూ అనలేరు. కానీ కాదని తేలేదాకా అదే అనుకొని చూడాలి. మీ ప్రశ్న చదవగానే, దాన్ని పంపిన పోర్టల్ వాళ్లతో మీకు మెసేజ్ పెట్టించాను. ఇంకా దవాఖానకు పోకపోతే మిగతాది తర్వాత చదవండి, ముందు బయల్దేరండి.

బీటా విషయంలో తోటికోడలితో పోలిక వద్దు. అయిదో వారంలో ఒకరికి వందల్లో ఉంటుంది, ఇంకొకరికి ఏడు వేల దాకా ఉంటుంది, ఇద్దరూ బాగానే కంటారు. పీరియడ్ లెక్క నాలుగు రోజులు అటూ ఇటూ అయినా అంకె మారిపోతుంది. మేం చూసేది అంకెను కాదు, అది ఎంత వేగంగా పెరుగుతోందో. మొదటి రోజుల్లో బీటా రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపు కావాలి. 1,500 లోపు మొదలైతే 48 గంటల్లో కనీసం సగం పెరగాలి. ఆ లెక్కన మూడు రోజులకు మీది 2,200 దాటాలి, 1,690 దగ్గరే ఉంది. మెల్లగా పెరిగి కూడా నిలబడే గర్భాలు ఉంటాయి గానీ చాలా అరుదు. గర్భం సంచిలోనే ఉండి నిలబడకపోయినా ఇలాగే కనబడుతుంది. ఏదనేది రక్తపరీక్ష ఒక్కటే చెప్పలేదు, స్కానింగ్ కావాలి.

ఇక ఆ సూది. నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే. ఏం సూదో మీరు రాయలేదు, బహుశా మీకూ చెప్పి ఉండరు. గర్భం నిలబడే సూది అని మన దగ్గర రెండు రకాలు వేస్తారు. ఒకటి ప్రొజెస్టెరాన్ రకం. రెండోది హెచ్‌సీజీయే. అంటే మీరు రక్తంలో కొలిపించుకుంటున్న ఆ హార్మోన్‌నే సీసాలోంచి తీసి ఒంట్లోకి ఎక్కించడం. అది రెండోదే అయితే ఆ 1,690లో మీ గర్భం నుంచి వచ్చింది ఎంత, సీసాలోంచి వచ్చింది ఎంత అని ఎవరూ విడదీయలేరు. వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, అది రక్తంలో తేలుతూనే ఉంటుంది. అసలు పెరుగుదల మనకు కనబడేదానికన్నా తక్కువే ఉండొచ్చు. పోనీ ప్రొజెస్టెరాన్ రకమే అనుకుందాం. గర్భం నిలబడనిదైతే దాన్ని అది నిలబెట్టలేదు, బ్లీడింగ్‌ను మాత్రం కొన్నాళ్లు వెనక్కి నెట్టి అంతా బాగుందని నమ్మిస్తుంది. లోగడ అబార్షన్లయి, ఇప్పుడు బ్లీడింగ్ అవుతున్నవాళ్లకు ప్రొజెస్టెరాన్ మేమూ ఇస్తాం. కానీ గర్భం ఎక్కడుందో చూసుకొని ఇస్తాం. ఆర్‌ఎంపీకి ఫోన్ చేసి సీసా మీద ఏం పేరుందో, ఎంత డోసో, ఏ రోజు వేశారో కనుక్కోండి. మొహమాటం వద్దు. మీ డాక్టర్‌కు ఆ పేరు మీ రిపోర్టులంత ముఖ్యం.

ప్రొజెస్టెరాన్ 9 అన్నది మధ్యరకం అంకె. అది రోజులోనే పైకీ కిందికీ ఆడుతుంది, ఒక్క రిపోర్టుతో బాగుందనీ లేదనీ తేల్చలేం. తిండితో బీటా గానీ ఇది గానీ పెరగవు. దానిమ్మ, ఖర్జూరం ఇష్టమైతే తినండి, ఒంటికి మంచివే.

రెండు వారాలు ఆగమన్నది నొప్పి లేనివాళ్లకు చెప్పే మాట, గుండె చప్పుడు కనబడాలని. నొప్పి ఉంటే ఆగకూడదు. బీటా తక్కువగా ఉన్నా ట్యూబు పగలవచ్చు. స్కానింగ్ కింది నుంచి చేయించుకోవాలి, పొట్ట మీద నుంచి చేస్తే ఇంత తొందరగా సరిగా కనబడదు. దాంతో గర్భానికి ఏమీ కాదు, భయపడకండి. మొదటి స్కానింగులో సంచిలో ఏమీ కనబడకపోతే 48 గంటలకు మళ్లీ బీటా, అవసరమైతే మళ్లీ స్కానింగ్ చెబుతారు. విసుక్కోకుండా పోండి. రక్తం అదే ల్యాబులో ఇవ్వండి, ల్యాబు మారితే కిట్టు మారి అంకెలు పొంతన కుదరవు. ట్యూబులోనే ఉందని తేలినా, తొందరగా దొరికితే చాలామందికి ఆపరేషన్ లేకుండా ఇంజెక్షన్‌తో తగ్గించే వీలుంది. పగిలాక వస్తే ఆ వీలు ఉండదు.

ఎలాగూ నిలబడదట కదా అని ఎవరైనా మెడికల్ షాపు నుంచి అబార్షన్ కిట్ తెచ్చిస్తే మింగొద్దు. ట్యూబులో గర్భం మీద అది పనిచేయదు. పైగా బ్లీడింగ్ అవుతుంది, అయిపోయిందనుకొని ఇంట్లో పడుకుంటారు. అలా పడుకొని, కడుపునిండా రక్తంతో స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లను చూశాను. నొప్పి గోలీలు కూడా డాక్టర్ చూసేదాకా వేసుకోకండి.

అత్తమ్మ థైరాయిడ్ గోలీ ఆమెకే ఉంచండి. మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) 3.8 అంటే నార్మల్ పై గీతకు దగ్గర, అంతే. ఈ వారం దాని తొందర లేదు. మళ్లీ చూసి అవసరమైతే మీ బరువుకు తగ్గ డోసు మీ డాక్టరే రాస్తారు. ఫోలిక్ యాసిడ్ వాడుతుంటే, స్కానింగ్ చేసిన డాక్టర్ ఆపమంటే తప్ప ఆపకండి.

దేవరకొండ ఏరియా ఆస్పత్రిలో గైనిక్ డాక్టర్ ఉంటే అక్కడే చూపించుకోండి, లేకపోతే నేరుగా నల్గొండ పెద్దాస్పత్రికి రండి. నొప్పి ఒక్కసారిగా పెరిగినా, కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా, భుజం చివర నొప్పి లేచినా 108కి ఫోన్ చేయండి. బైకు మీద వెనక కూర్చొని రావద్దు, దారిలో పడిపోతారు. రెండు బీటా రిపోర్టులు, పోయినేటి మందుల చీటీ, ఆధార్, బ్లడ్ గ్రూపు కాగితం తెచ్చుకోండి. గ్రూపు నెగెటివ్ అయితే ఆ సంగతి అడగకముందే చెప్పండి, తర్వాతి గర్భానికి ఇబ్బంది రాకుండా 72 గంటల్లోపు యాంటీ-డీ ఇంజెక్షన్ అవసరం పడొచ్చు.