నెల్లూరు హోటల్లో కంపెనీ మీటింగ్ పెడితే, రాని అతిథుల ప్లేట్లకూ డబ్బు కట్టాలా?

అవును, ఒప్పందంలో ‘గ్యారంటీ ప్లేట్లు’ ఎన్నని రాసిచ్చారో, మనుషులు తక్కువ వచ్చినా అన్నింటికీ కట్టాల్సిందే.

ఆ అంకె చూసుకునే హోటల్ వాళ్లు ముందుగా చేపలు, మాంసం, కూరగాయలు తెప్పిస్తారు, వడ్డించడానికి రోజుకూలీ మనుషుల్ని మాట్లాడుకుంటారు, అదే పూట హాలు అడిగిన ఇంకొకరిని వద్దంటారు. మీ అతిథులు రాకపోయినా ఆ ఖర్చు అయిపోయినట్టే.

ఓ రొయ్యల మేత కంపెనీ రైతుల సమావేశానికి 300 ప్లేట్లు గ్యారంటీ ఇచ్చిందనుకుందాం. 240 మందే వస్తే బిల్లు 300కి. 320 మంది వస్తే 320కి. రైతుల్ని పిలిచినప్పుడు ఎంతమంది వస్తారన్న లెక్క మరీ తప్పుతుంది, రొయ్యల పట్టుబడి ఉన్న రోజున చెరువు వదిలి ఎవరొస్తారు?

చాలామంది గ్యారంటీ అంటే గరిష్ఠం అనుకుని, భోజనం చాలకపోతే పరువు పోతుందని పెంచి చెబుతారు. నిజానికి అది కనిష్ఠం. ఆ అంకె ఖరారు చేయడానికి హోటల్ ఇచ్చిన గడువు దాటాక పెంచడానికి చాలాసార్లు ఒప్పుకుంటారు గానీ తగ్గించడానికి ఒప్పుకోరు. అందుకే కచ్చితంగా వచ్చేవాళ్లనే లెక్కేసి, అదనంగా ఎంతమందికి వడ్డించగలరో ఒప్పందంలోనే రాయించుకోండి.