సమాధానం: అయస్కాంతానికి అతుక్కుంటున్న 1947 రూపాయి

మీ అమ్మమ్మగారి పెట్టెలో దొరికిన 1947 పులి బొమ్మ రూపాయి అయస్కాంతానికి అతుక్కుందని టెన్షన్ పడకండి. అది అతుక్కోకపోతేనే అనుమానించాలి! ఆ ఏడాది రూపాయి వెండిది కాదు, నికెల్‌ది. నికెల్ అయస్కాంతానికి అతుక్కుంటుంది.

1940కి ముందు రూపాయిలో 91.7 శాతం వెండి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చి, 1940 నుంచి దాన్ని 50 శాతానికి దించారు. మిగతాది రాగి, నికెల్, జింకు. అమెరికా నుంచి లెండ్-లీజ్ (మిత్ర దేశాలకు అమెరికా యుద్ధ సాయం పథకం) కింద వెండి అప్పుగా కూడా తెచ్చుకున్నారు. అది వెండిగానే తిరిగివ్వాలి కాబట్టి, యుద్ధం అయ్యాక నాణేల్లో వెండి మానేశారు. 1943 నుంచి వచ్చిన చిల్లు కానీ (మధ్యలో చిల్లున్న చిన్న నాణెం) కూడా లోహం ఆదా కోసమే. ఎవరో మొలతాడుకి కట్టడానికి పొడిచిన చిల్లు కాదు.

అయితే ఇనుము కూడా అతుక్కుంటుంది. అందుకే నగల కొట్లో తూయించండి, సుమారు 11.6 గ్రాములు రావాలి. అదే సైజు ఇనుప నకిలీ గ్రాముకు పైగా తేలిక. అంచు చుట్టూ అతుకు గీత, అక్షరాలు మొద్దుబారడం, సన్నటి గుంటలు ఉంటే అది అచ్చులో పోత పోసిన నకిలీయే. అయస్కాంతం పరీక్షే 1945 రూపాయికి చేస్తే ఫలితం తిరగబడుతుంది: అందులో సగం వెండి కాబట్టి అది అతుక్కోకూడదు.

చింతపండుతో మాత్రం తోమకండి. ఈ నాణెం అరుదైనది కాదు కాబట్టి లక్షలిస్తామనే ఫోన్ కాల్స్ నమ్మొద్దు.