బ్యాలెట్ మీద కనిపించే ఆ ‘కౌన్సిలర్’ ఎవరు?

అమెరికాలో గవర్నరుకు సలహా ఇచ్చే కౌన్సిల్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకునే రాష్ట్రాలు ఇప్పుడు రెండే ఉన్నాయి. అవి మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్. ఆ రెండు రాష్ట్రాల్లో స్థిరపడిన మన పాఠకుల నుంచీ, ఇక్కడి పాఠకుల నుంచీ ఈ ఎన్నికల గురించి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పౌరసత్వం వచ్చాక 2024 నవంబరులో మొదటిసారి ఓటు వేశాను. బ్యాలెట్ మీద అధ్యక్ష పదవి, సెనేట్, ప్రతినిధుల సభ వరుసల తర్వాత ‘కౌన్సిలర్’ అని ఒక వరుస కనిపించింది. మా నరసరావుపేటలో కౌన్సిలర్ అంటే మునిసిపాలిటీలో వార్డు తరఫున గెలిచినవారు. ఇదీ అలాంటిదే అనుకుని, పేర్లేవీ తెలియనందువల్ల గడి ఖాళీగా వదిలేశాను. పొరపాటు చేశానా?
— ఒక పాఠకురాలు, ష్రూస్‌బరీ, మసాచుసెట్స్

జవాబు: మీలాగే ఆ గడిని ఖాళీగా వదిలేసేవారు ప్రతి ఎన్నికలోనూ లక్షల్లో ఉంటారు. ఆ రాష్ట్రంలో ఫలితాలు ప్రకటించేటప్పుడు ఖాళీలను కూడా విడిగా లెక్కించి చూపుతారు కాబట్టి మీ గడి కూడా ఆ అంకెలో చేరే ఉంటుంది. చట్టప్రకారం మీరు చేసింది తప్పు కాదు. అయితే ఆ పదవికి మునిసిపాలిటీతో ఏ సంబంధమూ లేదు. అది రాష్ట్ర స్థాయి పదవి, చాలామంది అనుకునేదానికంటే చాలా పెద్దది.

మసాచుసెట్స్ రాష్ట్రాన్ని కౌన్సిల్ కోసం ఎనిమిది జిల్లాలుగా విభజించారు. రాష్ట్ర సెనేట్‌లో ఉన్న 40 నియోజకవర్గాల్లో ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఐదింటిని కలిపితే ఒక కౌన్సిల్ జిల్లా అవుతుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా 70 లక్షల పైచిలుకు కాబట్టి, ఒక్కో కౌన్సిలర్ దాదాపు 8,79,000 మందికి ప్రతినిధి. వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభకు అదే రాష్ట్రం నుంచి తొమ్మిది మంది వెళతారు, వారిలో ఒక్కొక్కరి నియోజకవర్గంలో ఉండేది దాదాపు 7,81,000 మంది. అంటే మీరు పేరు చూడకుండా దాటిపోయిన వ్యక్తి, మీరు ఆలోచించి ఓటు వేసిన కాంగ్రెస్ సభ్యుడికంటే ఎక్కువ మంది తరఫున కూర్చుంటున్నారు.

ఆ ఎనిమిది మందీ, లెఫ్టినెంట్ గవర్నరూ కలిసినదే గవర్నర్స్ కౌన్సిల్. బోస్టన్‌లోని స్టేట్ హౌస్‌లో సాధారణంగా బుధవారాల్లో సమావేశమవుతుంది. రాష్ట్రంలో న్యాయమూర్తుల పదవులకు ఎన్నికలు లేవు. కింది కోర్టు మొదలుకొని ఏడుగురు న్యాయమూర్తులున్న సర్వోన్నత న్యాయస్థానం దాకా ప్రతి పేరునూ గవర్నరు ప్రతిపాదించాలి, కౌన్సిల్ ఆమోదించాలి. పేరు ప్రతిపాదించిన తర్వాత కనీసం ఏడు రోజులు గడవనిదే నియామకం జరగకూడదని రాష్ట్ర రాజ్యాంగమే చెబుతోంది. ఆ వ్యవధిలో బహిరంగ విచారణ జరిపి, ఆ వ్యక్తిని ప్రశ్నలు అడిగి, తరువాత ఓటు వేస్తారు. ఒకసారి నియమితులైన న్యాయమూర్తి 70 ఏళ్ళు నిండేవరకు ఆ స్థానంలో ఉంటారు. నలభై అయిదేళ్ళ వయసులో వచ్చిన వ్యక్తి పాతికేళ్ళపాటు మీ ఊరి విడాకుల కేసులూ, అద్దె తగాదాలూ, నేర విచారణలూ వింటారన్న మాట. ఆ వ్యక్తిని ఆమోదించిన కౌన్సిలర్ పదవీకాలం మాత్రం రెండేళ్ళే.

క్షమాభిక్షలకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. గంజాయి కలిగి ఉన్నారన్న చిన్న నేరానికి గతంలో రాష్ట్రంలో శిక్ష పడినవారందరికీ క్షమాభిక్ష ఇవ్వాలని 2024 మార్చిలో గవర్నర్ మోరా హీలీ నిర్ణయించారు. అయితే ఆ నిర్ణయం అమలులోకి వచ్చింది ఏప్రిల్ 3వ తేదీ బుధవారం కౌన్సిల్ ఏకగ్రీవంగా ఆమోదించిన తరువాతనే. ఖజానా నుంచి సొమ్ము విడుదల చేసే ఉత్తర్వులకూ కౌన్సిల్ సమ్మతి కావాలి.

మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. నరసరావుపేటలో స్థలం అమ్మవలసి వచ్చినప్పుడు అక్కడినుంచి అన్నయ్యకో, బాబాయికో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపుతారు కదా. ఆ కాగితం మీద మీరు నోటరీ ఎదుట సంతకం చేస్తారు, నోటరీ తన ముద్ర వేసి, తన కమిషన్ (నియామకపత్రం) గడువు ఏ తేదీతో ముగుస్తుందో కింద రాస్తారు, ఆ తరువాత రాష్ట్ర కార్యదర్శి కార్యాలయం అపోస్టిల్ (ఆ కాగితం విదేశంలో చెల్లేందుకు ఇచ్చే ధ్రువపత్రం) జత చేస్తుంది. ఆ నోటరీకి ఏడేళ్ళ కమిషన్ ఇచ్చేది గవర్నరే అయినా, ఇవ్వవలసింది ఈ కౌన్సిల్ సలహా, సమ్మతులతోనే. మన రిజిస్ట్రారు కచేరీ దాకా వచ్చే కాగితం వెనుక కూడా మీరు ఖాళీగా వదిలేసిన ఆ గడి ఉంది. అందుకే ఈసారి వదిలేయవద్దని మనసారా కోరుతున్నాను.

ప్రశ్న: మా న్యూ హాంప్‌షైర్‌లో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కు ఐదుగురినే ఎన్నుకుంటాం. ఐదుగురు సభ్యులు మారినంత మాత్రాన రాష్ట్రంలో నిజంగా ఏమైనా మారుతుందా? పార్టీ గుర్తు చూసి వేసేస్తే సరిపోదా?
— ఒక పాఠకుడు, నాషువా

జవాబు: మారుతుందనడానికి మీ రాష్ట్రంలో ఈమధ్య జరిగినదే ఉదాహరణ. 2018 ఎన్నికల్లో ఐదు స్థానాల్లో మూడు డెమొక్రాట్లకు వచ్చాయి, గవర్నర్ క్రిస్ సునును మాత్రం రిపబ్లికన్. 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి ఆయన అప్పటి అటార్నీ జనరల్ గోర్డన్ మెక్‌డొనాల్డ్ పేరును ప్రతిపాదించగా, జులైలో కౌన్సిల్ 3–2 తేడాతో తిరస్కరించింది. గవర్నరు మరొకరి పేరు పంపలేదు. పాత ప్రధాన న్యాయమూర్తి ఆ వేసవిలో పదవీ విరమణ చేశాక ఆ పీఠం ఏడాదికి పైగా ఖాళీగానే ఉండిపోయింది. 2020 నవంబరు ఎన్నికల్లో కౌన్సిల్ రిపబ్లికన్ల వైపు 4–1గా తిరిగింది. గవర్నరు అదే వ్యక్తి పేరును మళ్ళీ పంపారు, 2021 జనవరిలో కౌన్సిల్ 4–1 తేడాతో ఆమోదించింది. ప్రతిపాదించిన గవర్నరు ఆయనే, ప్రతిపాదిత వ్యక్తీ ఆయనే. మధ్యలో మారినది ఓటర్లు ఎన్నుకున్న ఐదుగురు మాత్రమే.

ఆ తిరస్కరణ మంచిదా, ఆ ఆమోదం మంచిదా అన్నదాని మీద నాషువాలోనే మీకు రెండు అభిప్రాయాలూ వినిపిస్తాయి, ఎవరి అభిప్రాయం వారిది. నేను చెప్పేది వేరు. 2020లో ఆ ఐదు స్థానాలకు ఓటు వేసినవారిలో ఎంతమందికి తాము ప్రధాన న్యాయమూర్తి పదవిని కూడా తేలుస్తున్నామన్న ఎరుక ఉండి ఉంటుంది? పార్టీ గుర్తు కొంత సమాచారం ఇస్తుంది, కాదనను. కానీ మీ కౌన్సిల్ పని న్యాయమూర్తులతో ఆగిపోదు. ప్రభుత్వ శాఖలు చేసుకునే కాంట్రాక్టుల్లో ఒక పరిమితి మించిన ప్రతిదీ గవర్నరూ కౌన్సిలర్లూ కూర్చున్న బల్ల మీదికి రావాలి. ఆసుపత్రుల సేవలు, వంతెనల మరమ్మతులు, కంప్యూటర్ల కొనుగోలు వంటివన్నీ ఒక్కో సమావేశంలో పెద్ద జాబితాగా వస్తాయి. రాష్ట్ర రహదారుల పదేళ్ళ ప్రణాళిక తయారయ్యేటప్పుడు ఈ ఐదుగురూ ఊరూరా బహిరంగ సభలు పెట్టి, ఏ కూడలి దగ్గర ప్రమాదాలు జరుగుతున్నాయో, ఏ దారి వెడల్పు చేయాలో జనం నోట వింటారు. సుమారు 2,75,000 మందికి ఒక కౌన్సిలర్ ఉన్న రాష్ట్రంలో, మీ పిల్లల బడి దగ్గరి మలుపు గురించి నేరుగా వెళ్ళి చెప్పగల మనిషి ఆయన. ఆ పనిని ఓపికగా చేస్తున్నారా లేదా అన్నది పార్టీ గుర్తులో కనబడదు. ఒక్కసారి ఆ సభకు వెళ్ళి చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: మన దగ్గర ఇలాంటి ఎన్నికైన సలహామండలి ఎప్పుడైనా ఉండేదా? గవర్నరుకు మంత్రిమండలి సలహా ఇస్తుంది కదా, ఇదీ అదీ ఒకటేనా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: ఒకటి కాదు. మన రాజ్యాంగం 163వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రి నాయకత్వంలోని మంత్రిమండలి గవర్నరుకు సహాయం, సలహా అందిస్తుంది. మన మంత్రులు శాసనసభకు జవాబుదారులు, పాలన చేసేది కూడా వారే. అక్కడ పాలించేది గవర్నరు. కౌన్సిలర్ల పని ఆయన చేతిని అవసరమైనచోట ఆపడం, లేదా సమ్మతి తెలపడం. 161వ అధికరణం కింద మన గవర్నరు ఇచ్చే క్షమాభిక్ష మంత్రిమండలి సలహాతోనే సాగుతుంది కాబట్టి ఆ ఒక్క విషయంలో కొంత పోలిక కనిపిస్తుంది. న్యాయమూర్తుల నియామకంలో మాత్రం ఏ పోలికా లేదు.

పేరు వరకు చూస్తే మనకూ ఒక ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ ఉండేది. మద్రాసు రాష్ట్రంలో బ్రిటిషు గవర్నరు పక్కన కూర్చునే ఆ సభ్యులను నియమించేవారే తప్ప, వారిని ఎవరూ ఎన్నుకున్నది లేదు. 1919 చట్టం తరువాత విద్య, ఆరోగ్యం, స్థానిక పాలన వంటివి ఎన్నికైన సభ నుంచి వచ్చిన మంత్రులకు దక్కగా, పోలీసు, ఆర్థికం, భూమి శిస్తు వంటి పట్టున్న శాఖలు ఈ కౌన్సిల్ చేతిలోనే ఉండిపోయాయి. మన తెలుగువారైన కూర్మా వెంకటరెడ్డినాయుడు ఈ రెండు వైపులా పనిచేశారు. జస్టిస్ పార్టీ ప్రభుత్వంలో మంత్రిగా, 1934 తరువాత కౌన్సిల్‌లో న్యాయశాఖ సభ్యుడిగా, 1936లో కొంతకాలం తాత్కాలిక గవర్నరుగా ఉన్నారు. 1937 ఏప్రిల్‌లో పాత కౌన్సిల్ పద్ధతి పోయి మంత్రిమండలి వచ్చినప్పుడు జులై వరకు మద్రాసు ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి వంటి పదవి) కూడా ఆయనే ఉన్నారు.

నియామకానికీ ఎన్నికకూ ఉన్న ఈ తేడా మీదే మసాచుసెట్స్‌లో ఒకప్పుడు పెద్ద అలజడి రేగింది. 1691 నాటి రాజశాసనం ప్రకారం అక్కడి కౌన్సిల్‌ను ఏటా శాసనసభ ఎన్నుకునేది. 1774లో బ్రిటిషు పార్లమెంటు ఆ హక్కు తీసివేసి, కౌన్సిలర్లను రాజే నియమించేలా చట్టం చేసింది. అలా నియమితుడైన వూస్టర్ పెద్దమనిషి తిమోతీ పెయిన్ ఇంటికి ఆ ఆగస్టులో వేలమంది కదిలి వెళ్ళారు. ఆయన చేత రాజీనామా రాయించి, ఊరి మైదానంలో అందరి ఎదుటా చదివించారు. తుపాకులు పేలి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన లెక్సింగ్టన్ ఘటనకు అది ఎనిమిది నెలల ముందటి మాట. పైన ఉత్తరం రాసిన పాఠకురాలి ష్రూస్‌బరీ ఆ వూస్టర్‌కు పక్క ఊరే. స్వాతంత్ర్యం తరువాత 1780 రాజ్యాంగంలో కౌన్సిల్ ఎన్నిక తిరిగి శాసనసభకు దక్కింది, 1855 సవరణతో జిల్లాలవారీగా ప్రజల చేతికి వచ్చింది. ఇంత పోరాడి తెచ్చుకున్న ఓటు ఇప్పుడు బ్యాలెట్ మీద ఖాళీ గడిగా మిగిలిపోతుంటే నాకు బాధగానే ఉంటుంది.

ప్రశ్న: ఈ కౌన్సిల్ కాలం చెల్లిన వ్యవస్థ అనీ, రద్దు చేయాలనీ అక్కడి పత్రికల్లో చదివాను. మీ అభిప్రాయం ఏమిటి?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ వాదన పాతదే, దానికి ఆధారమూ ఉంది. మెయిన్ రాష్ట్రంలో శాసనసభ ఎన్నుకునే ఏడుగురు సభ్యుల కౌన్సిల్ ఉండేది. 1975లో అక్కడి ఓటర్లు దానిని రద్దు చేశారు. మసాచుసెట్స్‌లో 1964లో ఓటర్లు కౌన్సిల్‌కు చట్టాల ద్వారా దక్కిన అధికారాలను చాలావరకు తొలగించగా, రాజ్యాంగం ఇచ్చినవే మిగిలాయి. ఆ దశకంలోనే లంచం కేసుల్లో కొందరు కౌన్సిలర్లకు శిక్షలు కూడా పడ్డాయి. కాబట్టి అపనమ్మకం ఊరికే పుట్టలేదు.

అయినా రద్దు వైపు నేను లేను. న్యాయమూర్తి పేరు మీద విచారణ ఒక బహిరంగ గదిలో జరగడం, అక్కడ ప్రశ్న అడిగేవారు జనం ఎన్నుకున్నవారు కావడం చిన్న విషయం కాదు. ఆ బాధ్యతను రాష్ట్ర సెనేట్‌కు ఇవ్వవచ్చుననేవారు ఉన్నారు. సెనేట్‌కు బడ్జెట్టూ చట్టాలూ వంద ఉంటాయి, ఈ ఎనిమిది మందికి ఇదే పని. జబ్బు ఉన్నది వ్యవస్థలో కాదనీ, దానివైపు ఎవరూ చూడకపోవడంలో ఉందనీ నా నమ్మకం.

ప్రశ్న: మసాచుసెట్స్‌లో ఓటు వేయడానికీ, పోటీ చేయడానికీ అర్హతలు ఏమిటి? ఇండియాలో పుట్టినవారు కౌన్సిలర్ కావచ్చా?
— ఒక పాఠకురాలు, వెస్ట్‌బరో

జవాబు: కావచ్చు. అధ్యక్ష పదవికి ఉన్నట్టు పుట్టుకతోనే అమెరికా పౌరులై ఉండాలన్న నియమం దీనికి లేదు. పౌరసత్వం పొంది ఓటరుగా నమోదై, రాష్ట్రంలో కనీసం ఐదేళ్ళుగా నివసిస్తున్నవారు అర్హులు. గ్రీన్ కార్డు మీద ఉన్నవారికి మాత్రం ఓటు లేదు, పోటీ కూడా లేదు.

ఎన్నికలు సరి సంవత్సరాల్లో నవంబరులో జరుగుతాయి. 2026 నవంబరు 3న ఎనిమిది స్థానాలకూ ఓటింగు ఉంటుంది. అంతకుముందు పార్టీల ప్రైమరీలు (అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే తొలి ఎన్నికలు) జరుగుతాయి, చాలా జిల్లాల్లో అసలు పోటీ అక్కడే తేలిపోతుంది కాబట్టి ప్రైమరీని వదులుకోవద్దు. ఓటరు నమోదు ఎన్నికకు పది రోజుల ముందు ముగుస్తుంది. మీ ఇంటి చిరునామా ఇస్తే మీరు ఏ కౌన్సిల్ జిల్లాలోకి వస్తారో రాష్ట్ర కార్యదర్శి వెబ్‌సైటు చూపుతుంది.

పోటీ చేయదలచినవారు తమ జిల్లాలోని నమోదైన ఓటర్ల చేత 1,000 సంతకాలు చేయించాలి. ఆ సంతకాలను పట్టణ కార్యాలయాల్లో ఓటర్ల జాబితాతో సరిచూస్తారు. పేరో, చిరునామానో జాబితాతో కుదరకపోతే ఆ సంతకం లెక్కలోకి రాదు. అందువల్ల మరికొన్ని వందలు ఎక్కువే సేకరించుకోవడం మంచిది.