క్లోన్ సర్వర్‌కి నెట్‌వర్క్ కలిపే ముందు

చిన్నా,

ఉబుంటు సర్వర్‌ని క్లోన్ చేసి, అంటే అచ్చంగా కాపీ తీసి, సోమవారం నుంచి రెండో సర్వర్‌గా పెడుతున్నానని ఫోన్‌లో చెప్పావు. మీ పిన్ని భోజనానికి పిలవడంతో మాట మధ్యలోనే ఆగిపోయింది, అందుకే రాస్తున్నాను.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు క్లోన్ నెట్‌వర్క్ కార్డు తీసేసి ఉంచు. పని అంతా కన్సోల్‌లోంచే చెయ్యి. ఆ క్లోన్‌కి తాను క్లోన్ అని తెలియదురా. పాత సర్వర్ చేసే పనులన్నీ తనవే అనుకుని లేస్తుంది.

పదిహేనేళ్ల కిందట నేనొక చోట బిల్లింగ్ సర్వర్‌ని టెస్టింగ్ కోసం క్లోన్ చేశాను. పేరు మార్చాను, ఐపీ మార్చాను, ఇంటికెళ్లిపోయాను. టైముకి జాబ్‌లు వాటంతటవే నడిపే క్రాన్ సంగతి చూడలేదు. పొద్దున ఆరింటికి రెండు మెషిన్లూ ఒకే జాబ్ నడిపాయి. క్లోన్‌లో ఉన్నది రెండు రోజుల కిందటి డేటా కాబట్టి, డబ్బు కట్టేసినవాళ్లకి కూడా బాకీ మెయిల్ వెళ్లింది. ఒక పెద్దాయన ఏకంగా ఆఫీసుకే వచ్చారు. జేబులోంచి రసీదు తీసి, మడతలు విప్పి, నా బల్ల మీద పెట్టి చేత్తో సాపు చేశారు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ చెయ్యి నాకింకా కళ్లకు కడుతుంది.

అందుకే పేరు, ఐపీల కన్నా ముందు క్రాన్ చూడు. సెట్టింగుల ఫోల్డర్ ఈటీసీ కింద ఉన్నవే కాదు, ఒక్కో యూజర్ సొంత జాబ్‌ల లిస్టు క్రాన్‌ట్యాబ్, అదే పని చేసే సిస్టమ్‌డీ టైమర్లు కూడా. ఒక్క మెషిన్ మీదే నడవాల్సినవి క్లోన్‌లో ఆపెయ్యి. మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్ ఉంటే దాని క్యూలో పాత మెయిల్స్ ఉండిపోయాయేమో చూసి ఖాళీ చెయ్యి.

తర్వాత మెషిన్-ఐడీ, అంటే ఒక్కో మెషిన్‌కి ఉండే సొంత గుర్తింపు నంబర్. ఈటీసీలో ఉండే ఆ 32 అక్షరాల ఫైలు క్లోన్‌లోకి ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది. ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్ చూసుకునే నెట్‌వర్క్‌డీ, ఐపీలు పంచే డీహెచ్‌సీపీకి చెప్పే గుర్తింపు దాన్నుంచే పుడుతుంది. నెట్‌వర్క్ కార్డుల మ్యాక్ అడ్రస్ వేరైనా రెండిటికీ ఒకే ఐపీ వచ్చి కూర్చునేది అందుకే. కారణం తెలియకపోతే రోజంతా స్విచ్‌ని అనుమానిస్తూ టెన్షన్ పడతావు. ఆ ఫైలుని తీసెయ్యకు, లోపలిది ఖాళీ చేసి రీబూట్ చెయ్యి, కొత్తది పుడుతుంది. డీబస్ ఫోల్డర్‌లో దాని కాపీ విడిగా ఉంటే మాత్రం రీబూట్‌కి ముందే తీసెయ్యి. లేదంటే పాత నంబరే దాంట్లోంచి తిరిగొస్తుంది.

దూరం నుంచి లాగిన్ అయ్యేవాళ్లకి ఇది ఫలానా సర్వరేనని చూపించే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా అంతే. రెండు సర్వర్లకీ ఒకే కీ ఉంటే ఒకటి దొంగ చేతికి చిక్కిన రోజున రెండోదీ చిక్కినట్టే. పాతవి చెరిపి, ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌కి పెద్ద ఏ (-A) ఆప్షన్ ఇస్తే కొత్తవి తయారవుతాయి.

పేరు మార్చాక హోస్ట్స్ ఫైల్లోనూ మార్చు. పాత పేరు, పాత ఐపీ ఇంకెక్కడ ఉన్నాయో ఈటీసీ అంతా గ్రెప్ కమాండ్‌తో వెతుకు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంటే దాన్ని ఆపి, డేటా ఫోల్డర్‌లో దాని గుర్తింపు యూయూఐడీ ఉండే ఆటో.సీఎన్‌ఎఫ్ తీసేసి మళ్లీ స్టార్ట్ చెయ్యి. సర్వర్-ఐడీ కూడా మార్చు. రెండిటికీ ఒకే యూయూఐడీ ఉంటే ఒకదాని డేటా రెండోదానికి చేరే రెప్లికేషన్ కదలదు.

ఇవన్నీ అయ్యాకే నెట్‌వర్క్ కలుపు. అప్పుడు ఒక విండోలో పాత సర్వర్ పలుకుతోందో లేదో చూసే పింగ్ నడుస్తూ ఉండాలి, ఇంకోదాంట్లో క్లోన్ లాగ్‌లు. పింగ్ తడబడితే వెంటనే క్లోన్ కార్డు తీసేసి నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం రాత్రి మేలుకునే ఉంటాను.

మీ బాబాయి