పాత వాల్వు హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ విప్పబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కింద రాసిన మార్పుల జాబితా కూడా చదివాను. కొత్త వాల్వులు (గాజు ట్యూబులు), ఖరీదైన కప్లింగ్ కెపాసిటర్లు (ఒక వాల్వు నుంచి తర్వాతి దానికి సిగ్నల్‌ను పోనిచ్చి డీసీని ఆపేవి), పెద్ద ఔట్‌పుట్ కెపాసిటర్, వెండి వైరు. జాబితా పెద్దదే గానీ అందులో రిపేరు అన్న మాటే లేదు. బాస్ పల్చగా ఉంది, ఒక చెవిలో తక్కువగా వినిపిస్తోంది, నాబ్ తిప్పితే కరకరమంటోంది అంటున్నావు. ఇవి డిజైన్ లోపాలు కావు, వయసు తెచ్చినవి. ముందు దాన్ని తయారైన రోజున ఎలా ఉండేదో ఆ స్థితికి తీసుకురా. అప్పటికీ నచ్చకపోతే మారుద్దువుగాని.

మొదట ప్రాణం సంగతి. ఇలాంటి వాటి లోపల డీసీ 150 నుంచి 400 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లు (ఆ డీసీని నున్నగా చేసేవి) దాన్ని వదలవు. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు అడ్డంగా 220 కిలోఓమ్‌ల బ్లీడర్ రెసిస్టర్ (ఛార్జిని మెల్లగా ఖాళీ చేసేది) ఉన్నా అది ఖాళీ కావడానికి దాదాపు 2 నిమిషాలు పడుతుంది. ఆ రెసిస్టరే తెగిపోయి ఉంటే ఎంతసేపు ఆగినా నమ్మకం లేదు. 2 నుంచి 5 కిలోఓమ్‌ల మధ్య 10 వాట్ల రెసిస్టర్ ఒకటి తీసుకుని, ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కెపాసిటర్‌కు అడ్డంగా తగిలించి ఖాళీ చెయ్యి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఫట్‌మనిపించేవాళ్లను చూసి నేర్చుకోకు. ఖాళీ అయ్యాక కూడా ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో కొంత వోల్టేజీ దానంతటదే మళ్లీ పైకి లేస్తుంది, అందుకని మీటర్ క్లిప్పులు తగిలించే ఉంచి పని చెయ్యి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే నల్ల క్లిప్పు ఛాసిస్‌కు (లోహపు చట్రానికి) తగిలించి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తోనే కొలువు. ఉంగరాలూ బ్రేస్‌లెట్లూ ముందే తీసెయ్యి.

స్పీకర్ ఆంప్లిఫయర్ రిపేర్లు చేసినవాళ్లు కూడా హెడ్‌ఫోన్ విషయంలో ఒకటి మరిచిపోతారు. స్పీకర్ అల్లంత దూరాన ఉంటుంది, ఇది నెత్తి మీద కూర్చుంటుంది. నీ ఫొటోలో రెండు 6ఎస్ఎన్7 వాల్వులు (సిగ్నల్ పెంచేవి), ఒక 6080 (హెడ్‌ఫోన్లను నడిపే వాల్వు), పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే కనిపిస్తున్నాయి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు లేవు. అంటే 6080 కాథోడ్ (ఇక్కడ సిగ్నల్ బయటికొచ్చే పిన్ను) దగ్గరున్న 100 వోల్టుల చుట్టుపక్కల డీసీకీ నీ చెవులకూ మధ్య అడ్డుగోడ ఔట్‌పుట్ కెపాసిటర్ ఒక్కటే. అది షార్ట్ అయితే ఆ వోల్టేజీ హెడ్‌ఫోన్ల దాకా వచ్చేస్తుంది. కాబట్టి ధ్వని కోసం కాకపోయినా అన్నిటికన్నా ముందు మార్చాల్సింది అదే. దాని వోల్టేజీ రేటింగ్ మొత్తం హైవోల్టేజీ సప్లయ్‌కన్నా ఎక్కువ ఉండాలి, కాథోడ్ వోల్టేజీ ఎంతో చూసి సరిపెట్టుకోకు.

మెయిన్స్ వైపు పని చిన్నదే. రెండు పిన్నుల వైరు తీసేసి మూడు పిన్నులది వెయ్యి. ఎర్త్ వైరును ఛాసిస్‌కు దాని సొంత బోల్టుతో బిగించు, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుకు కలపకు. ఫ్యూజు ఫేజు మీద, స్విచ్చికన్నా ముందు ఉండాలి. మెయిన్స్ నుంచి ఛాసిస్‌కు పాత పేపర్ కెపాసిటర్ ఏదైనా ఉంటే తీసెయ్యి, కావాలనుకుంటే అక్కడ వై క్లాస్‌ది (పాడైనా షార్ట్ కాకుండా ఉండేలా తయారైన భద్రతా రకం) మాత్రమే పెట్టు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. ముందు భగ్గున వెలిగి తర్వాత మసకబారితే సరే. అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపెయ్యి. బల్బు ఉండగా వోల్టేజీలన్నీ తక్కువే చూపిస్తాయి కాబట్టి అప్పుడు కొలిచిన అంకెలు రాసుకోవద్దు. వాల్వులు పీకేసి ఆన్ చేస్తే లోడ్ లేక హైవోల్టేజీ మామూలుకన్నా పైకి పోతుంది, అదీ గుర్తుంచుకో.

బల్బు తీసేశాక మొట్టమొదట హీటర్ (వాల్వును లోపల వేడిచేసే తీగ) వోల్టేజీ కొలువు. పాత రోజుల్లో 220 వోల్టులకో 117 వోల్టులకో తయారైనవి ఇవాళ 230, 120 వోల్టుల మీద నడుస్తున్నాయి, దాంతో లోపల అన్నీ ఎక్కువ చూపిస్తాయి. 6.3 వోల్టుల హీటర్‌కు 6.0 నుంచి 6.6 దాకా ఉంటే ఫరవాలేదు. అది దాటితే హీటర్ లైనులో తక్కువ ఓమ్‌ల, తగినన్ని వాట్ల రెసిస్టర్ పడాలి. 6080 హీటర్ ఒక్కటే 2.5 ఆంపియర్లు తాగుతుంది, అంటే దాదాపు 16 వాట్ల వేడి. దాని పక్కనున్న ఎలక్ట్రోలైటిక్‌లు ఇన్నేళ్లూ ఆ సెగకు ఎండుతూ వచ్చాయి. కొత్తవి 105 డిగ్రీల రకం తీసుకుని, వీలైతే కాస్త దూరంగా జరిపి పెట్టు.

ఫిల్టర్ కెపాసిటర్లు మార్చేటప్పుడు విలువ ఎంత పెద్దదైతే అంత మంచిదన్న మాట వినకు. రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) కూడా వాల్వే అయితే దాని వెంటనే వచ్చే మొదటి కెపాసిటర్‌కు ఒక హద్దుంటుంది. గట్టి రకమని పేరున్న జీజెడ్34కే అది 60 మైక్రోఫారడ్‌లు. దాటితే ఆన్ చేసిన ప్రతిసారీ రెక్టిఫయర్ మీద దెబ్బ పడుతుంది. హమ్ (గుయ్‌మనే మోత) వస్తుంటే ముందు చెవితో పోల్చుకో. 50 హెర్ట్జ్ కరెంటు మీద కాస్త గరగరగా 100 హెర్ట్జ్ వినిపిస్తే అది ఫిల్టర్ కెపాసిటర్ల పని. నున్నగా, లోతుగా 50 హెర్ట్జ్ గుయ్‌మంటే హీటర్ వైర్లో, ఎర్త్ లూపో చూడాలి.

ఇక ఆ కరకర. అందరూ వాల్యూమ్ కంట్రోల్‌లో దుమ్ము అనుకుని క్లీనర్ కొట్టి ఊరుకుంటారు. పాత పేపర్ కప్లింగ్ కెపాసిటర్ డీసీని లీక్ చేస్తే, అది కంట్రోల్ మీదికి వచ్చినా అచ్చం ఇలాగే కరకరమంటుంది. అసలు నష్టం మాత్రం తర్వాతి వాల్వుకు. దాని గ్రిడ్ (వాల్వులో కరెంటును అదుపు చేసే జాలీ) పాజిటివ్ వైపు జరిగి కరెంటు పెరిగిపోతుంది, ఇంకా ముదిరితే ప్లేటు ఎర్రగా కాలుతుంది. ఆ తర్వాతి వాల్వును పీకేసి దాని గ్రిడ్ పిన్ను దగ్గర డీసీ కొలువు. సర్క్యూట్‌లో గ్రిడ్ రెసిస్టర్ గ్రౌండ్‌కే వెళుతుంటే అక్కడ సున్నా రావాలి. రాకపోతే దొంగ దొరికినట్టే. మామూలు పాలీప్రొపిలీన్, 630 వోల్టులది పెడితే చాలు. బంగారపు అక్షరాలవి అక్కర్లేదు.

సర్క్యూట్ డయాగ్రమ్ దొరకలేదని టెన్షన్ పడుతున్నావు. స్టీరియో కదా, రెండు ఛానెళ్లలో ఒకటి బాగుంటే అదే నీ డయాగ్రమ్. ప్రతి పిన్ను దగ్గరా ఎడమ, కుడి కొలిచి కాగితం మీద పక్కపక్కన రాసుకో. కాథోడ్ రెసిస్టర్ మీద పడే వోల్టేజీని దాని విలువతో భాగిస్తే వాల్వు ఎంత కరెంటు లాగుతోందో తెలుస్తుంది. 1 కిలోఓమ్ మీద 8 వోల్టులుంటే 8 మిల్లీఆంపియర్లు. ఒక పక్క 8, ఇంకో పక్క 4 వస్తే 6ఎస్ఎన్7లను అటూ ఇటూ మార్చి చూడు. తేడా వాల్వుతో పాటు వెళితే తప్పు వాల్వుది, అక్కడే ఉండిపోతే చుట్టూ ఉన్న రెసిస్టర్లది. పాత కార్బన్ రెసిస్టర్ల విలువ ఏళ్ల తరబడి పైకి పాకుతుంది.

వాల్వుల గురించి నీ భయం కాస్త ఎక్కువైంది. గాజు లోపలి గోడ మీద నీలపు కాంతి మామూలే. ప్లేట్ల మధ్య గులాబీ, ఊదా రంగు మెరుపు కనిపిస్తే గ్యాస్ చేరినట్టు. గాజు మీది వెండి పూత తెల్లబారితే గాలి దూరింది, ఇక పారెయ్యడమే. పెన్సిల్‌తో మెల్లగా తట్టినప్పుడు హెడ్‌ఫోన్ల జాక్‌కు కట్టిన స్పీకర్‌లో గంట కొట్టినట్టు మోగితే అది ఇన్‌పుట్ దగ్గర పనికిరాదు. 6ఎస్ఎల్7 కూడా ఆ సాకెట్‌లో దిగుతుంది కదా అని పెట్టెయ్యకు. పిన్నులు ఒకటే గానీ గెయిన్ 20 దగ్గర నుంచి 70కి పోతుంది, బయాస్ (గ్రిడ్‌కు స్థిరంగా ఉండాల్సిన వోల్టేజీ) లెక్కంతా మారిపోతుంది.

ఇప్పుడు నీ పెద్ద ఔట్‌పుట్ కెపాసిటర్. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 100 మైక్రోఫారడ్‌లు పెడితే 50 హెర్ట్జ్ కిందే కోత పడుతుందని లెక్కేశావు. వాల్వు సొంత ఔట్‌పుట్ ఇంపెడెన్స్ కలపడం మరిచిపోయావు. ఫీడ్‌బ్యాక్ లేని 6080 కాథోడ్ ఫాలోవర్‌కు (కాథోడ్ నుంచి ఔట్‌పుట్ తీసుకునే అమరికకు) అది 100 ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. 132 ఓమ్‌లతో లెక్కేస్తే 12 హెర్ట్జ్ వస్తుంది, అది చాలినంత. కానీ ఆ 100 మైక్రోఫారడ్‌లు ఎండి 20కి దిగి ఉంటే కోత 60 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. నువ్వు వింటున్న పల్చటి బాస్ అదే అయి ఉండొచ్చు. కొత్తది అదే విలువలో పెట్టి చూడు. దాని బదులు 470 పెడితే స్విచ్ వేసినప్పుడల్లా ఛార్జింగ్ కరెంటు హెడ్‌ఫోన్ల గుండా పోయి ధడేల్‌మంటుంది. నిజానికి ఈ రకం ఆంప్లిఫయర్‌కు 300 ఓమ్‌లు, ఆపై హెడ్‌ఫోన్లు నప్పుతాయి. 32 ఓమ్‌లవి అడిగే కరెంటు 6080 శుభ్రంగా ఇవ్వలేదు, ఏ కెపాసిటరూ దాన్ని సరిచెయ్యదు.

చెయ్యదగ్గ మార్పు ఒకటి చెబుతాను. ఇవాళ్టి డిజిటల్ ప్లేయర్లు 2 వోల్టుల దాకా ఇస్తాయి, పాత ఆంప్లిఫయర్‌కు అది మరీ ఎక్కువ. నాబ్ కాస్త తిప్పగానే చెవులు పగిలిపోతాయి, ఆ మొదట్లోనే కంట్రోల్ రెండు పక్కలూ సరిగ్గా కలవదు. ఒక చెవిలో తక్కువ రావడానికి అదీ కారణం కావచ్చు. 100 కిలోఓమ్‌ల కంట్రోల్ అయితే ముందు ఒక్కో ఛానెల్‌కు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టు, సిగ్నల్ సగమవుతుంది. పోయేది రెండు రెసిస్టర్లు. వెండి వైరు డబ్బు దాచుకో.

ఏ మార్పైనా ముందు ఒక ఛానెల్‌లోనే చెయ్యి. మోనో రికార్డింగ్ పెట్టి రెండు చెవులనూ పోల్చి, తేడా నిజంగా ఉందనిపిస్తేనే రెండోదానికి వెళ్లు. తీసిన పాత పార్టులు ఎక్కడివో రాసి కవర్లో వెయ్యి.

రిపేరు అయ్యాక వెంటనే చెవులకు పెట్టుకోకు. జాక్‌కు 300 ఓమ్‌ల రెసిస్టర్ కట్టి, అరగంట నడిపి, దాని మీద డీసీ కొలువు. కొన్ని మిల్లీవోల్టులకు మించి ఉంటే ఆపెయ్యి. ఈలోగా రెండు ఛానెళ్ల కాథోడ్ వోల్టేజీలు, హీటర్ వోల్టేజీ, ఔట్‌పుట్ కెపాసిటర్ మీద అచ్చేసిన విలువల ఫొటో పంపు. అవి చూసి చెప్పేదాకా ఇంకేమీ కొనకు.

మీ పెదనాన్న