లతలు చెక్కారా, అల్లారా?

సందేహం: కరీంనగర్ వెండి భరిణెల గురించి కాలేజీ పత్రికకు రాస్తూ "మూత నిండా లతలు చెక్కారు" అన్నాను. ఫిలిగ్రీకి (సన్నని వెండి తీగలతో చేసే పనికి) 'చెక్కడం' కుదరదని మా సార్ కొట్టేశారు. తప్పేనా? భరిణె అనాలా, బరిణె అనాలా? 'పాన్‌దాన్ డబ్బా' సరైనదేనా?
- ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: మీ సార్ కొట్టేసింది న్యాయమే. ఉన్నదాంట్లోంచి కొంత తీసేసి రూపం తెస్తే అది చెక్కడం. వేయిస్తంభాల గుడి రాతిపనికి ఆ మాట సరిపోతుంది. కరీంనగర్ పనిలో ఆకులూ పువ్వులూ తీసేస్తే వచ్చేవి కావు. వెండి కరిగించి కడ్డీ పోసి, సాగగొట్టి, కమ్మెచ్చు అనే బెజ్జాల పలకలోంచి లాగి తీగ తీస్తారు. రెండు తీగలకు పురిపెట్టి, చదును చేసి, పట్టకారుతో చుట్టలుగా వంచుతారు. మందపాటి తీగతో కట్టిన చట్రంలో వాటిని ఇరికించి, వెలిగారం వేసి టంకంతో అతుకుతారు. ఆ మూతను వెలుగుకు ఎత్తి చూడండి, సందుల్లోంచి అవతలి వెలుతురు కనబడుతుంది. కాబట్టి "లతలు అల్లారు" అనండి. 'తీగపని' ఇంకా హాయి. కటక్‌లో ఇలాంటి పనినే తారకసి అంటారు, తార్ అంటే తీగే. ఫిలిగ్రీ అన్నా తప్పు లేదు, 2007లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు దక్కింది ఆ పేరుకే.

అదే మూత అంచు పట్టీ మీద అమ్మమ్మ పేరు ఉలితో తొలిపించారనుకోండి, అక్కడ 'చెక్కించారు' అనే రాయాలి. స్టీలు గిన్నె మీదైతే పేరు 'కొట్టిస్తాం' కదా! పనిముట్టును బట్టి క్రియ మారుతుంది.

'నగిషీ' వాడొచ్చు. అరబ్బీ 'నక్ష్' నుంచి వచ్చిన మాట. చేర్యాల నకాషీ బొమ్మల్లో ఉన్నదీ అదే, అక్కడ చేసేది రంగులు వేయడం. 'నగిషీ' వెంట 'చెక్కు' అలవాటుగా వచ్చేస్తుంది, తీగపని దగ్గర మాత్రం దాన్ని ఆపాలి.

భరిణె, బరిణె రెండూ వాడుకలో ఉన్నాయి. ఒక వ్యాసంలో ఒకటే పాటించండి. ఇంట్లో మనం అనేది ఎలాగూ 'కుంకుమ డబ్బి'యే.

ఇక పాన్‌దాన్. ఫారసీ 'దాన్' అంటేనే ఉంచే పాత్ర. అత్తర్‌దాన్‌లో ఉన్నదీ అదే. దానికి డబ్బా తగిలిస్తే చెప్పిందే మళ్లీ చెప్పినట్టు. మాటల్లో దొర్లితే ఎవరూ పట్టించుకోరు గానీ అచ్చులోకి వెళ్లేముందు ఆ డబ్బా తీసేయండి.