కాకినాడ తీరంలో గల్స్, ఉల్లంకులు: ముందు పోటు వేళ చూసుకోండి

డిసెంబర్‌లో ఒక్కరోజు కాకినాడ వస్తున్నానని, పొద్దున్న ఎన్నింటికి వెళ్తే పక్షులు బాగా కనిపిస్తాయని అడిగారు. గల్స్ (తీరాల్లో తిరిగే తెల్లటి సముద్ర పక్షులు) అన్నీ ఒకేలా ఉంటాయని కూడా అన్నారు. మూడు చలికాలాలుగా వెళ్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

పొద్దున్నే వెళ్లాలన్నది అడవి పిట్టల లెక్క. ఇక్కడ పోటు (సముద్రం నీళ్లు పైకి రావడం), పాటు (వెనక్కి పోవడం) చూసుకోవాలి. మొదటిసారి నేనూ ఆరింటికే కాకినాడలోని కుంభాభిషేకం చేపల రేవు దగ్గర దిగాను. సముద్రం పాటు మీద ఉంది. కనుచూపు మేర బురద, దాని చివర ఆవాలు చల్లినట్టు చుక్కలు. బైనాక్యులర్స్‌లోనూ చుక్కలే. చిరాకేసి వెళ్లిపోబోతుంటే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన "నీళ్లు రానీ బాబూ, అయ్యే వస్తాయి" అన్నాడు. తొమ్మిది దాటాక నీళ్లు పైకి ఎక్కడం మొదలైంది. బురద తగ్గేకొద్దీ పిట్టలు గుంపులు గుంపులుగా గట్టువైపు జరిగాయి. పదకొండుకల్లా నా ముందే ఉల్లంకులు, అంటే బురదలో మేసే తీరపు పిట్టలు: కర్ల్యూలు, గాడ్‌విట్‌లు, గుప్పెడంత స్టింట్‌లు! పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకని మీరొచ్చే తేదీకి టైడ్ టేబుల్ (పోటు, పాటు వేళల పట్టిక) చూసి, పూర్తి పోటుకి రెండు మూడు గంటల ముందు అక్కడ ఉండండి.

ఇక గల్స్. చలికాలంలో బ్రౌన్‌హెడెడ్, బ్లాక్‌హెడెడ్ రెండిటికీ తల తెల్లగానే ఉంటుంది, కంటి వెనక ఒక నల్ల మచ్చ తప్ప. పేర్లు చూసి మోసపోకండి. ఎదిగిన పిట్ట కన్ను చూడండి: బ్రౌన్‌హెడెడ్‌కి లేత రంగు, బ్లాక్‌హెడెడ్‌కి ముదురు. ఎగిరితే ఇంకా తేలిక. బ్రౌన్‌హెడెడ్‌కి నల్లటి రెక్క చివర తెల్ల మచ్చలు, రెండోదానికి రెక్క ముందు అంచున తెల్లటి పట్టీ. లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర గూళ్లు పెట్టే ఈ బ్రౌన్‌హెడెడ్ పక్షి మన చేపల రేవులో కవళ్ల కోసం కొట్లాడుతుంటే నాకెప్పుడూ నవ్వొస్తుంది. వాటి మధ్య బాగా పెద్దగా, పసుపు ముక్కు చివర నలుపు, ఎరుపు ఉన్నది కనిపిస్తే అది పలాస్ గల్.

ఉల్లంకుల్లో నడక చూస్తే సగం పని అయిపోతుంది. నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగేది ప్లోవర్. అల వెనక పరుగెత్తి, అల తిరిగొస్తే వెనక్కి పారిపోయేది సాండర్లింగ్. ఇసుక ప్లోవర్లలో ఏది ఏదన్నది మాత్రం నాకిప్పటికీ టెన్షనే. నోట్‌బుక్‌లో "ఇసుక ప్లోవర్" అని రాసి వదిలేస్తాను. ముక్కు కాస్త పైకి వంగిన బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ కనిపిస్తే మాత్రం నిదానంగా చూడండి. 2022లో ఈ జాతిది ఒకటి అలాస్కా నుంచి టాస్మానియాకి 13,560 కిలోమీటర్లు, 11 రోజులు ఎక్కడా ఆగకుండా ఎగిరింది.

అదృష్టం ఉంటే ఇండియన్ స్కిమ్మర్లు కూడా దొరుకుతాయి. నారింజ రంగు ముక్కు, కింది దవడ పై దానికన్నా పొడుగు. నాకు రెండో ఏడాది గానీ కనపడలేదు.

ఫొటో కోసం బురదలోకి మాత్రం దిగకండి. నా చెప్పు ఒకటి ఇంకా అక్కడే ఉంది. పైగా మీరు దిగితే తింటున్న గుంపంతా లేచిపోతుంది, మళ్లీ వాలేసరికి పోటు తీసేస్తుంది.